సమస్యాపూరణం: "మంచు మీదను నిలుచున్న మండె మేను"

ఈ వారం సమస్య, అంటే మీరు ముందు మూడు పాదాలు చేర్చి పద్యంగా పూరించాల్సిన చివరి పాదం, తేటగీతిలోది. యుద్ధం వల్ల దూరమైన సైనికుడు, అతని భార్య గురించి పూరించమని అడిగాను. ఛందస్సు కొత్తగా నేర్చుకుంటున్న వాళ్ళ కోసం ఒక మాట: పాదానికి ఒక సూర్యగణం (మూడు మాత్రలది), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. ప్రాస నియమం లేదు.

ఈ పాదం ఎందుకు ఇచ్చానో కూడా చెప్తాను. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం సియాచిన్ మంచునది ఎక్కడం మొదలుపెట్టింది. ఆ ఆపరేషన్‌కి పెట్టిన పేరు మేఘదూత్. కాళిదాసు మేఘదూత కావ్యంలో యక్షుడు దక్షిణాన రామగిరి మీద ఉంటాడు, భార్య హిమాలయంలో అలకాపురిలో ఉంటుంది, మబ్బుతో ఆమెకి కబురు పంపుతాడు. మన ఇళ్ళల్లో ఇది తారుమారైంది. ఆయన మంచులో, ఆవిడ గోదావరి ఎండలో. మబ్బుతో కబురు పంపాల్సింది ఎవరు?

తెనాలి మాస్టారి పూరణ:

చలికిఁ జేతులు కొయ్యలై చచ్చువడఁగ
నిల్లు తలపోయు సైనికుఁ డెదను దాచు
సతి లిఖించిన లేఖయే చలిని గెల్వ
మంచు మీదను నిలుచున్న మండె మేను

మాస్టారూ, నడక హాయిగా ఉంది. "కొయ్యలై చచ్చువడఁగ" అన్నచోట చలి నిజంగా తగిలింది. నా అభ్యంతరమల్లా "మండె" దగ్గరే. భార్య ఉత్తరం గుండెకి ఆనించుకుంటే ఒళ్ళు వెచ్చబడుతుంది, మండదు. సమస్యలో ఇరుకంతా ఆ ఒక్క క్రియలోనే ఉంది. దాన్ని వెచ్చదనంగా మారిస్తే ముడి విప్పకుండా పక్కనుంచి దాటినట్టే.

ఇంకా మూడు పూరణలు వెన్నెల, మలయమారుతం, మన్మథుడి బాణాలతో వచ్చాయి. గణాలు, యతులు సరిపోయాయి. కానీ వాటిలో సైనికుడి బదులు రాజకుమారుణ్ణి పెట్టినా పద్యం మారదు. వాటిని ఇక్కడ ఎత్తి రాయడం లేదు.

హైదరాబాద్ సోదరి పూరణ:

అతఁడు సరిహద్దు కాచుచు నచట నుండ
నిచట రోహిణి కార్తిలో నింటి కడను
పతియె తలఁపైన పడఁతికిఁ బగలు రేయి
మంచు మీదను నిలుచున్న మండె మేను

"మంచు మీద నిలబడింది ఆయన, మండింది ఆవిడ. 1999 మే, జూన్ నెలల్లో మా వదిన ఇలాగే ఉండేది. పగలంతా టీవీ ముందే, రాత్రి డాబా మీద. కార్గిల్ అనే మాట వింటే చాలు, చెయ్యి వణికేది" అని కింద రాశారు.

అమ్మా, కర్తను రెండుగా చీల్చడం గొప్ప ఊహ. పాదాన్ని మధ్యకి విరిచి, సగం ఆయనకి, సగం ఆవిడకి ఇచ్చారు. రోహిణి కార్తె అన్న ఒక్క మాటతో ఊరు, ఉక్కపోత, ఆ ఏడాది యుద్ధం మూడూ వచ్చేశాయి. చిన్న సవరణ ఒకటి. మొదటి పాదంలోనే "అచట నుండ" అని వాక్యం ముగిసినట్టయింది కాబట్టి, నాలుగో పాదంలో నిలుచున్నది ఎవరా అని తడుముకోవాల్సి వస్తోంది. "అతఁడు సరిహద్దు కాచుచు నచటి చలిని" అంటే ఆ వాక్యం తెరిచే ఉంటుంది, "నిలుచున్న"తో తిన్నగా అతుక్కుంటుంది.

మిలిటరీ మాధవరం నుంచి ఒక విశ్రాంత సుబేదార్ గారి పూరణ. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు అది.

తొడుగు తీసి తుపాకినిఁ దుడువఁ బోవ
నినుము వేలికి నంటుకొ నెంతకైన
రాక, రాఁగానె తోలూడె రక్త మురికె
మంచు మీదను నిలుచున్న మండె మేను

"పద్యాలు రాయడం రిటైరయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి. గ్లేసియర్ మీద చలి మైనస్ 50 దాకా పోతుంది. అక్కడ ఇనుమూ నిప్పూ ఒకటే. గడ్డకట్టిన వేలు మళ్ళీ వెచ్చబడేటప్పుడు పుట్టే మంట ముందు తోలు ఊడిన నొప్పి ఏపాటిది!"

సుబేదార్ గారూ, "మండె" అన్న క్రియని ఉన్నదున్నట్టు నిలబెట్టింది మీరొక్కరే. వ్యాకరణం మాట చెప్పక తప్పదు. "అంటుకొని + ఎంతకైన" కలిపి "అంటుకొ నెంతకైన" అన్నారు. క్త్వార్థంబైన ఇత్తునకు (అంటే "అంటుకొని" లాంటి క్రియ చివరి ఇకారానికి) సంధి లేదన్నది చిన్నయ సూరి సూత్రం. "నినుము వేలికి నంటఁగా నెంతకైన" అని మారిస్తే గణం, యతి రెండూ నిలుస్తాయి, భావం చెదరదు. ఇంకొకటి, మీ పద్యంలో భార్య ఏదండీ?

ఆయన జవాబు: "ఆవిడకి ఈ సంగతి రాయలేదు కదా, పద్యంలోకి ఎలా వస్తుంది? మా ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు. యూనిట్ పేరు, కేరాఫ్ 56 ఏ.పి.ఓ. (ఆర్మీ పోస్టాఫీసు), అంతే. ఎక్కడున్నానో ఆవిడకి తెలీదు. లోపల మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను."

ఈ జవాబు చూసిన మర్నాడు విజయనగరం అమ్మ పంపిన పూరణ. ఆవిడ భర్త కూడా సైన్యంలో పనిచేశారట.

క్షేమ మంచును పంపిన చీటిలోని
యక్షరమ్ములు వంకర యగుటఁ గాంచ
ముగ్గు పెట్టెడి యిల్లాలు ముంగిటఁ గల
మంచు మీదను నిలుచున్న మండె మేను

మేమంతా మంచు అనగానే హిమాలయం ఎక్కేశాం. ఈవిడ మంచుని వాకిట్లోకే తెచ్చేశారు. ధనుర్మాసం, తెల్లారగట్ల, కళ్ళాపి చల్లిన నేల మీద కురిసిన మంచు, పాదాల కింద చల్లగా. చేతిలో ముగ్గుపిండి. రాత్రి చదివిన ఉత్తరం ఇంకా కళ్ళల్లో ఉంది. ఉత్తరంలో ఆయన దాచిన మాటని చేతిరాత బయటపెట్టేసింది. ముగ్గు గీత తిన్నగా రావాలంటే వేళ్ళు ఎలా కదలాలో రోజూ చూసుకునే మనిషి కాబట్టే వంకర అక్షరాన్ని పట్టుకోగలిగింది. మరో చమత్కారం, "క్షేమ మంచును" అన్నప్పుడే అందులో "మంచు" వినిపిస్తోంది! అనుకుని చేశారో, అలా కుదిరిందో గానీ, క్షేమం అనే మాటలోనే చలి దాగుంది. క్షే-చీ యతి గురించి ఒకరు అడిగారు. క్షకారంలోని షకారానికి చకారంతో యతి చెల్లుతుంది, సందేహం అక్కర్లేదు.

"ఇల్లాలు" అన్నదానికి షష్ఠి ("ఇల్లాలి" అనే రూపం) లేకపోవడం కొంచెం వెలితి. అయినా నేను ముట్టుకోను.

నిన్న రాత్రి సుబేదార్ గారు రాసింది ఇది:

"అమ్మా, మీ పద్యం మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టెలోంచి ఇన్‌లాండ్ లెటర్ ఒకటి తెచ్చింది. వేలికి కట్టు ఉన్నప్పుడు ఎడమ చేత్తో రాసినది. క్షేమంలో క్ష సరిగ్గా పడలేదు, రెండు సార్లు దిద్దినట్టుంది. 'అప్పుడే అడగాల్సింది కదే' అన్నాను. 'అడిగితే ఇంకో అబద్ధం రాస్తారు కదా, చెయ్యి నొప్పి పెట్టుకుని' అంది.

అయ్యా, మీరు చెప్పినట్టే నా రెండో పాదంలో 'అంటఁగా' అని మార్చుకున్నాను."