ఒక సూట్‌కేసు, 23 కిలోలు: రివెట్ పనిముట్లలో ఏవి తెప్పించుకోను?

ముమ్మిడివరం షెడ్డు:

అందరికీ నమస్కారమండి. మాది ముమ్మిడివరం పక్కన చిన్న ఊరు. పద్నాలుగేళ్లు కువైట్‌లో అల్యూమినియం కిటికీలు, తలుపులు బిగించి నాలుగేళ్ల క్రితం ఇంటికొచ్చేశాను. ఇప్పుడు రొయ్యల చెరువుల ఏరియేటర్లు రిపేరు చేస్తుంటాను. రేకు కొయ్యడం, వంచడం, డ్రిల్లు వెయ్యడం చేతికి అలవాటే.

రెండు సీట్ల విమానం ఒకటి సొంతంగా కట్టుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. విమానాల కిట్లు అమ్మే అమెరికా కంపెనీ వాన్స్ వాళ్ల ఆర్‌వి-9ఏ అనుకుంటున్నాను. తోక కిట్ ఒకటి, రెక్కల కిట్ ఒకటి అని విడివిడిగా అమ్ముతారు కాబట్టి మెల్లగా వెళ్లొచ్చు. తోక కిట్ కూడా ఇంకా ఆర్డరు పెట్టలేదు. ముందు రివెట్ (రేకుల్ని కలిపి బిగించే అల్యూమినియం మేకు) కొట్టడం చేతికి రావాలి కదా అని పనిముట్ల వేటలో ఉన్నాను. చోటుకి లోటు లేదు, నాన్నగారి కొబ్బరికాయల షెడ్డు ఖాళీగానే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మా బావమరిది సంక్రాంతికి డాలస్ నుంచి వస్తున్నాడు. రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. ఒకటి మా అత్తగారి చెప్పులకీ, పిల్లల చాక్లెట్లకీ ఎప్పుడో రిజర్వు అయిపోయింది. రెండోది నాకిచ్చాడు. లక్షన్నర వరకు పెట్టగలను. గాలితో నడిచే స్క్వీజర్ (రివెట్‌ని రెండు వైపుల నుంచి నొక్కే పనిముట్టు) కొంటే అందులో పెద్ద ముక్క దానికే పోతుంది, కానీ ప్రతి రివెట్టూ ఒకేలా నొక్కుతుందంటున్నారు. లేదా రివెట్ తలని కొట్టే గన్, వెనకాల కాడకి ఆనించి పట్టే బరువైన బార్లు, చేతి స్క్వీజర్ తెప్పించుకుంటే డబ్బు మిగులుతుంది, కానీ అవి నేర్చుకోవడం కష్టమంటున్నారు. ఏది మంచిది? గన్ అయితే ఏ సైజు, 2ఎక్సా, ఇంకా పెద్దది 3ఎక్సా?

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆగలేక, పోయిన వారం ఒకరి దగ్గర గోడలు చెక్కే ఎయిర్ హ్యామర్ అరువు తెచ్చి, తుక్కు రేకు మీద ఎనిమిదో వంతు అంగుళం రివెట్లు పది కొట్టాను. వెనక మా మేనల్లుడు సుత్తి తల ఆనించి పట్టుకున్నాడు. పదిట్లో ఏడు పక్కకి వాలిపోయాయి. మిగతా మూడింటి తలల పక్కన రేకు మీద నెలవంకల్లా మచ్చలు పడ్డాయి. ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే ఆగకుండా దడదడలాడించింది, పిల్లాడు భయపడి సుత్తి వదిలేశాడు.

భీమవరం చెరువుగట్టు:

అన్నయ్యా, ఈ తలనొప్పి ఎందుకు? పుల్ రివెట్లతో, అంటే ముందు వైపు నుంచే పుల్ల లాగి బిగించేవాటితో, కట్టే డిజైన్ తీసుకోండి. జెనిత్ సీహెచ్ 750 అంతా అలాంటిదే. వాన్స్ వాళ్లలోనే ఆర్‌వి-12 కూడా ఎక్కువ భాగం పుల్ రివెట్లే. పుల్లర్ ఒకటి ఉంటే వెనకాల మనిషే అక్కర్లేదు, రాత్రి పూట కొట్టుకున్నా పక్కింటివాళ్లు గొడవకి రారు. ఒంటరిగా పని చేసుకునేవాళ్లకి అదే సుఖం.

ఒక్క మాట, మన హార్డ్‌వేర్ షాపులో దొరికే పాప్ రివెట్లు మాత్రం వాడొద్దు. అవి కిటికీలకు, రేకు డబ్బాలకు. లోపలి ఇనుప పుల్ల మన ఉప్పుగాలికి ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీ ఏరియేటర్ల దగ్గర చూసే ఉంటారు.

ముమ్మిడివరం షెడ్డు:

నిజమే తమ్ముడూ, సీహెచ్ 750 గురించి చాలా రోజులు ఆలోచించాను. పొలంలో దించేయొచ్చు అని ఆశ కూడా పుట్టింది. కానీ నాకు నున్నటి రెక్క మీద మనసు పడింది. కువైట్‌లో పద్నాలుగేళ్లు పాప్ రివెట్లే కొట్టాను, ఇంకొద్దు.

ద్రాక్షారామం ఫిట్టర్:

నాయనా, నేను బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీలో రేకు పని 31 ఏళ్లు చేసి రిటైరై ఇక్కడ స్థిరపడ్డవాణ్ణి. నీ పోస్టు చదివి నవ్వొచ్చింది, తర్వాత ఆ పిల్లాడి వేళ్లు తలుచుకుంటే భయమేసింది. ఆ ఎయిర్ హ్యామర్ ఈరోజే తిరిగి ఇచ్చెయ్యి. రివెట్ గన్ ట్రిగ్గర్ ఎంత నొక్కితే అంతే కొడుతుంది, మెల్లగా టక్ టక్‌మని మొదలుపెట్టి పెంచుకోవచ్చు. చెక్కే హ్యామర్‌కి ఆ సున్నితం ఉండదు. చూడ్డానికి రెండూ ఒకే జాతి, గుణం వేరు.

నీ పది రివెట్ల సంగతి ముందు తేలుద్దాం. ఎనిమిదో వంతు రివెట్ అంటే 3.175 మిల్లీమీటర్లు. నువ్వు ఏ బిట్టుతో కన్నం వేశావు? 3.5 అయితే వాలిపోవడంలో వింత లేదు. కాడకి కన్నంలో జాగా ఎక్కువైతే నిలువునా ఉబ్బకుండా పక్కకి ఒరుగుతుంది. ఈ రివెట్‌కి 30 నంబరు బిట్టు, అంటే 3.26 మిల్లీమీటర్లు. చిన్నదానికి, అంటే 3/32 అంగుళానికి, 40 నంబరు, 2.49 మిల్లీమీటర్లు. మన దగ్గర దొరికే 2.5 బిట్టు దానికి దాదాపు సరిపోతుంది కానీ 30 నంబరుకి ఇక్కడ సరైన జోడీ లేదు, 3.3 కాస్త వదులు. రెండు నంబర్లలోనూ మంచి బిట్లు డజనేసి తెప్పించు, బరువుండవు.

నెలవంక మచ్చలంటావా, గన్‌లో పెట్టే సెట్ రేకుకి నిలువుగా లేకపోతే దాని అంచు రేకులోకి దిగుతుంది. ఏదో ఒకరోజు అందరి చేతిలోనూ పడతాయి.

ఇక స్క్వీజర్. దానికి సీ ఆకారంలో దవడ ఉంటుంది, రేకు అంచు నుంచి ఆ దవడ లోతు ఎంతో అంత దూరమే వెళ్తుంది. రెక్క మధ్యలో ఉన్న రివెట్‌ని అది ముట్టుకోలేదు. కాబట్టి స్క్వీజర్ కొన్నా గన్ కొనక తప్పదు. గాలి స్క్వీజర్ సుఖమే, కాదనను, నా మణికట్టు నొప్పి నాకు తెలుసు. కానీ 23 కిలోలు, లక్షన్నర అన్నప్పుడు అది నీ లిస్టులో ఆఖరిది. చేతి స్క్వీజర్ తెచ్చుకో. తోక పూర్తయ్యేసరికి నీ ముంజేతులు కల్లుగీత కార్మికుడి చేతుల్లా తయారవుతాయి.

గన్ 3ఎక్స్ తీసుకో. 2ఎక్స్ చిన్న రివెట్లకి చాలు, ఎనిమిదో వంతుకి కూడా పని చేస్తుంది, కానీ ఎక్కువ దెబ్బలు కొట్టాలి. ఎక్కువ దెబ్బలు తింటే రివెట్ గట్టిపడి తర్వాత సరిగా ఉబ్బదు. 3ఎక్స్‌ని గాలి తగ్గించి చిన్నవాటికీ వాడుకోవచ్చు. 35, 40 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, తుక్కు రేకు మీద చూసుకుంటూ సర్దుకో. గన్ పక్కనే చిన్న రెగ్యులేటర్ ఉండాలి. గన్ చవకది దొరికినా పర్వాలేదంటాను, కానీ రివెట్‌ని తాకే ప్రతి వస్తువూ మేలైనదై ఉండాలి: సెట్‌లు, డింపుల్ డైలు (రివెట్ తల మునిగేలా రేకులో గుంట నొక్కే అచ్చులు), బార్. డబ్బు పెట్టాల్సింది వాటి మీద. గన్ కొట్టే దెబ్బ కంప్రెసర్‌ది, రేకు మీద మిగిలే గుర్తు మాత్రం డైది.

డింపుల్ డైలు ఇక్కడ లేత్ షాపులో చేయించొద్దు. రేకులో తల మునిగే రివెట్‌కి కోణం 100 డిగ్రీలు. ఇక్కడ షాపుల్లో దొరికే కౌంటర్‌సింక్ బిట్లు మామూలుగా 90వి. తేడా కంటికి కనపడదు, రివెట్ తల కింద సన్నటి సందు మిగులుతుంది, ఏళ్ల తరబడి అదురుకి ఆ సందు పెద్దదవుతుంది. 3/32కి ఒక జత, ఎనిమిదో వంతుకి ఒక జత, రెండూ అక్కడి నుంచే. వాటిని పట్టే పెద్ద సీ ఫ్రేమ్ మాత్రం ఇక్కడ చేయించుకోవచ్చు, పైదీ కిందదీ ఒకే గీత మీద వస్తే చాలు. అంత బరువు సముద్రం దాటించడం దండగ.

బార్ సంగతి. ఇనుప బార్లు ఇక్కడే చేసుకోవచ్చు, పాత లారీ యాక్సిల్ ముక్క కోయించి, మొహం అద్దంలా నునుపు చేయించు. కానీ టంగ్‌స్టన్ బార్ ఒక్కటి తెప్పించు. చిన్న సబ్బుబిళ్లంత ఉండి, అంతే సైజు ఇనుముకి రెండింతల పైన బరువుంటుంది. ఇరుకు మూలల్లో చెయ్యి దూరే చోట దాని విలువ తెలుస్తుంది. ఖరీదే. అయినా గాలి స్క్వీజర్ మీద మిగిల్చిన డబ్బుతో ఇది కొను. రేకు కింద పరిచి వెనక నుంచి కొట్టుకునే ఇనుప పలక మాత్రం ఇక్కడిదే చాలు, ఆ పద్ధతిలో చిన్నచిన్న భాగాలు ఒక్కడివే చేసుకోవచ్చు.

రివెట్లు కూడా అక్కడివే. ఏడీ అనే గట్టి అల్యూమినియం రకం తల మీద చిన్న గుంట ఉంటుంది, అది లేకపోతే మెత్తటి అల్యూమినియం అని అర్థం. పేరు చదవడం నేర్చుకో: ఏఎన్426ఏడీ3-4 అంటే 426 మునిగే తల, ఏడీ లోహం, 3 అంటే 3/32 అంగుళాల లావు, 4 అంటే పదహారో వంతుల్లో పొడవు. కొట్టకముందు కాడ రేకులు దాటి బయటికి లావుకి ఒకటిన్నర రెట్లు రావాలి. కొట్టాక కాడ చివర వచ్చే బుడిపె వెడల్పు లావుకి ఒకటిన్నర రెట్లు, ఎత్తు సగం. నీ ఎనిమిదో వంతుకైతే వెడల్పు 4.8, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ఇంకో రకం ఉంది, డీడీ. దాన్ని వేడిచేసి చల్లార్చాక వాడేదాకా ఐస్‌లోనే ఉంచాలి, లేకపోతే దానంతటదే గట్టిపడిపోతుంది. మా ఫ్యాక్టరీలో ఫ్రిజ్ నిండా అవే. నీకు ఆ బాధ లేదులే, మీ ఇంటి ఫ్రీజర్‌ని పులసకే వదిలెయ్యి.

చెప్పడం మరిచాను. రేకు మీద పెన్సిల్ గీత పెట్టకు. చెవిలో పెన్సిల్ పెట్టుకునే అలవాటు మన పనివాళ్లందరికీ ఉంది, ఆ గ్రాఫైట్ అల్యూమినియాన్ని తింటుంది. మార్కర్ పెన్ను వాడు. నువ్వున్నది సముద్రానికి మరీ దగ్గర. లోపలి భాగాలకి ప్రైమర్ వెయ్యి, చెమట చేతులతో తడమకు. కంప్రెసర్ ట్యాంకు అడుగు బిరడా రోజూ విప్పి నీళ్లు వంచెయ్యి, వానాకాలంలో గ్లాసుడు వస్తాయి. ఆ నీళ్లు గన్‌లోకి వెళ్తే లోపల తుప్పే.

ఆదివారం ఖాళీ ఉంటే రా. నా దగ్గర పాత 3ఎక్స్ ఉంది. వెనక బార్ పట్టడానికి మనిషిని తెచ్చుకో, పిల్లాణ్ణి మాత్రం వద్దు.

కాకినాడ కంప్రెసర్:

ఫిట్టర్ గారు చెప్పాక నేను చెప్పేదేముంది. ఒక్క చిన్న విషయం. బార్లు, డైలు చెక్-ఇన్ సామానులోనే పెట్టమనండి, క్యాబిన్ బ్యాగులో ఎక్స్‌రేకి అవి ఏమిటో అర్థం కావు. బిల్లులన్నీ పైనే ఉండాలి. గన్ కొత్త పెట్టెలోనే ఉంటే కస్టమ్స్ దగ్గర ఏం చెప్పాలో మీ బావమరిదికి ముందే తెలియాలి.

కాగితాల పని మీద కూడా ఇప్పుడే కన్నేయండి. ముంబయిలో అమోల్ యాదవ్ గారు కాందివలిలో ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు, రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది 2017 నవంబరులో. ఆయన పైలట్, అయినా అన్నేళ్లు పట్టింది. ప్రతి రివెట్ వరసకీ ఇప్పటి నుంచే ఫొటో తీసి తేదీ వేసుకోండి.

ముమ్మిడివరం షెడ్డు:

ఆదివారం ద్రాక్షారామం వెళ్లొచ్చామండి. భీమేశ్వరస్వామి దర్శనం అని మా ఆవిడ కూడా బయల్దేరింది. నేను వేసిన బిట్టు 3.5 అని ఫిట్టర్ గారికి చెప్పగానే ఆయన ఒక్క మాట అనలేదు, 30 నంబరు బిట్టు చేతికిచ్చారు.

బార్ పట్టడానికి మనిషిని తెచ్చుకోమన్నారు కదా, మా ఆవిడే పట్టింది. మొదటి నాలుగూ పాడయ్యాయి, తప్పు నాదే, బార్ ఆనకముందే ట్రిగ్గర్ నొక్కేశాను. తర్వాత మేం ఒక మాట పెట్టుకున్నాం. తను "ఆఁ" అంటేనే నేను నొక్కాలి, "చాలు" అంటే వదలాలి. పదో రివెట్ నుంచి తను చూడకుండానే "చాలు" అంటోంది. ఎలా తెలుస్తోందంటే, రివెట్ కూర్చున్నాక బార్ చేతిలో అదరడం మారిపోతుందట, శబ్దం కూడా బొంగురు తగ్గుతుందట. కుట్టు మిషను మీద సూది విరగబోయేముందు తెలిసినట్టే అంది. గేజ్ పెట్టి చూస్తే, ఆ నాలుగు పోగా తర్వాతి ఇరవైలో పదిహేడు సరిగ్గా ఉన్నాయి. మిగతా మూడు ఎలా తీయాలో కూడా నేర్పారు: తల మధ్యలో అదే సైజు బిట్టుతో తల మందం వరకే డ్రిల్ వేసి, పంచ్‌తో తలని విరిచి, వెనక చెక్క ఆనించి కాడని తట్టడం. నేనైతే ఒక కన్నం పెద్దది చేసేశాను.

వచ్చేటప్పుడు రాజమండ్రి మీదుగా వచ్చాం, తనకి హేవ్‌లాక్ వంతెన చూపించి ఆ గర్డర్ల బుడిపెలు కూడా రివెట్లే అని చెప్పాను. 1900లో తెరిచిన వంతెన. వాటిని ఎర్రగా కాల్చి కొట్టేవారని, మనవి చల్లగానే కొడతామని చెబితే, "అంత పెద్ద బార్ ఎవరు పట్టారో పాపం" అంది.

లిస్టు ఇలా తేలింది: 3ఎక్స్ గన్, సెట్‌లు, రెండు జతల డైలు, టంగ్‌స్టన్ బార్, చేతి స్క్వీజర్ రెండు దవడలతో, బిట్లు, కన్నం అంచుల గరుకు తీసే డీబర్రింగ్ పనిముట్టు, రెండు సైజుల రివెట్లు అరకిలో చొప్పున, సాధన కిట్ ఒకటి. బావమరిది కాటా వేస్తే పద్దెనిమిది కిలోలు వచ్చింది. మిగిలిన అయిదు కిలోలకి క్లీకోలు (రివెట్ కొట్టేదాకా కన్నాల్లో పెట్టి రేకుల్ని కలిపి ఉంచే క్లిప్పులు) చెప్పాను, 3/32వి ఎక్కువ, ఎనిమిదో వంతువి కొన్ని.

ద్రాక్షారామం ఫిట్టర్:

బార్ పట్టే చెయ్యి ఇంట్లోనే దొరికింది, నీ అదృష్టం. అమ్మాయికి చెవి మఫ్‌లు మంచివి కొను, నీకు కూడా. క్లీకోలు సరే, వాటిని పెట్టి తీసే ప్లయర్ చెప్పావా?

ముమ్మిడివరం షెడ్డు:

చెప్పలేదండి! ఇప్పుడే వాడికి మెసేజ్ పెడుతున్నాను.