నాన్న 2005కి ముందే పోయారు, మరి ఊర్లో పొలంలో నాకు భాగం ఉన్నట్టా లేనట్టా?

మారతహళ్లి ఆడపడుచు:
మాది మదనపల్లె దగ్గర పల్లె, పెళ్ళయిన కాడి నుంచి బెంగళూరులోనే ఉంటున్నా. తాతల నాటి పొలం కొంత, నాన్న సొంతంగా కొన్నది కొంత ఉంది. ఆయన 1999లో పోయారు, వీలునామా లేదు. ఇప్పుడు అన్నా తమ్ముడూ కలిసి అంతా వెంచర్ వాళ్ళకి ఇచ్చేస్తాం, వచ్చి సంతకం పెట్టి పో అంటున్నారు. నా భాగం అడిగితే, కూతుళ్ళకీ ఉమ్మడి ఆస్తిలో భాగమిచ్చిన 2005 చట్టం తండ్రి బతికుంటేనే వర్తిస్తుందంట, పైగా కట్నం ఇచ్చాం కదా అంటున్నారు, ఇక్కడ ఒక లాయర్ని అడిగితే ఆయనా తండ్రి విషయం అదే చెప్పాడు. నిజంగానే నాకు హక్కు లేదా?

బసవనగుడి వకీలు:
ముందు సంతకం పెట్టొద్దక్కా. ఆయన చెప్పింది పాత తీర్పు. 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టం అమల్లోకొచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి కూడా బతికుండాలనింది, 2018లో దానమ్మ కేసులో తండ్రి 2001లోనే పోయినా కూతుళ్ళకి భాగం ఇచ్చింది, రెండూ కర్ణాటక నుంచి పోయిన కేసులే. ఈ గందరగోళం తేల్చడానికే ముగ్గురు జడ్జిల బెంచ్ 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తీర్పిచ్చింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుంది, ఆ తేదీకి తండ్రి బతికుండక్కర్లేదు అని. ఇక నాన్నగారు సొంతంగా కొన్నదానికి ఈ గొడవే లేదు, వీలునామా లేకపోతే అమ్మకీ కొడుకులకీ కూతుళ్ళకీ సమానమని 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. కట్నం ఇచ్చినంత మాత్రాన హక్కు పోదు.

పీలేరు వాసి, కేఆర్ పురం:
అక్కా మీ పెళ్ళి ఎప్పుడైంది? ఎందుకంటే మన ఆంధ్రలో ఎన్టీఆర్ టైంలోనే చట్టం మార్చారు, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కిచ్చారు. కర్ణాటకలో అలాంటిది 1994లో గానీ రాలేదు, అందుకే ఇక్కడి లాయర్లకి మన సంగతి తట్టదు.

మారతహళ్లి ఆడపడుచు:
1996లో అయింది. అయితే మేం ఎప్పుడో పెద్దమనుషుల ముందర పంచేసుకున్నాం, పాస్‌బుక్కులు మా పేర్ల మీదే ఉండాయి అంటున్నారు.

హోసూరు రోడ్డు:
చట్టం సరే గానీ, మీ అమ్మని ఇన్నేళ్ళూ చూసుకుంది, అప్పులు కట్టింది వాళ్ళే అయితే అదీ లెక్కలోకి రావాలి కదా. కోర్టుకెక్కితే పుట్టింటి గడప తొక్కలేరు.

బసవనగుడి వకీలు:
అమ్మని చూసుకున్నారు కాబట్టి కొంచెం తగ్గించుకుంటా అని అక్క తనంతట తాను అంటే అది వేరే, హక్కే లేదని అబద్ధం చెప్పి సంతకం తీసుకోవడం మాత్రం అన్యాయం. 1996 అంటే 1985కి మీరు పెళ్ళికాని పిల్ల, 2005 దాకా పోకుండానే తాతల పొలంలో మీకు హక్కుంది. నోటి పంపకం అంటే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు, 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టర్ అయిన పత్రమో కోర్టు డిక్రీయో చూపించాలి, లేదా నిజంగానే పంచుకున్నట్టు గట్టి ప్రభుత్వ రికార్డులు ఉండాలి. పాస్‌బుక్ ఒక్కటే యాజమాన్యం ఇవ్వదు, కానీ వాళ్ళు దాన్నే ముందు పెడతారు కాబట్టి పేర్లు ఎప్పుడు మార్చారో రెవెన్యూ వాళ్ళ భూమి రికార్డులు అడంగల్, 1బి తీసి చూడండి, పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ కూడా తీయించండి. దావా వేయాల్సింది పొలం ఉన్న చోటే, బెంగళూరులో కాదు. భాగం లేదని మొహం మీదే చెప్పేశారు కాబట్టి ఏళ్ళ తరబడి నానబెట్టొద్దు, వెంచర్ వాళ్ళకి రిజిస్టర్ చేసేలోపు స్టే అడగాలి. ఫీజుకి భయపడొద్దు, ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, మదనపల్లె కోర్టులోని న్యాయ సేవల ఆఫీసులో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.