పింక్ ఫ్లాయిడ్ ఎల్పీ, సీడీ పక్కపక్కన పెట్టి వింటే ఇంత తేడా ఎందుకొస్తోంది? టర్న్‌టేబుల్ ఉన్నోళ్ళు చెప్పండి

గంటస్తంభం_గిటార్ (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా బాబాయి ఖరగ్‌పూర్‌లో రైల్వేలో చేసేవారు, అక్కడ్నుంచి కలకత్తా వెళ్ళినప్పుడల్లా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులు కొనుక్కొచ్చేవారు, రిటైరయి ఇక్కడికొచ్చేసాక ఆ పెట్టె మొత్తం నాకిచ్చేసారు. అందులో రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ ఆల్బమ్ డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్ ఎల్పీ (టర్న్‌టేబుల్ మీద ముల్లుతో వినే పెద్ద ప్లేటు) ఉంది, కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ప్రెస్ చేసిన ఇండియన్ కాపీ. ఇదే ఆల్బమ్ 2011 రీమాస్టర్ (సౌండు మళ్ళీ సరిచేసి వదిలిన) సీడీ నా దగ్గర ఎప్పట్నుంచో ఉంది, బాగా అలవాటైపోయిన సీడీ. ఈమధ్యే ఆడియో టెక్నికా ఎల్పీ60 టర్న్‌టేబుల్ కొన్నా, రెండూ ఒకే ఆంప్లిఫయర్‌కి కలిపి పాట తర్వాత పాట మార్చి మార్చి వింటున్నా.

బ్రీత్‌లో బేస్ గిటార్ ఎల్పీలో గుండ్రంగా, నిండుగా ఉంది. టైమ్ మొదట్లో గడియారాలన్నీ మోగే చోట మాత్రం సీడీ చాలా పదునుగా ఉంది, ఎల్పీలో అదంతా కొంచెం వెనక్కి వెళ్ళినట్టు ఉంది. డ్రమ్స్ మళ్ళీ ఎల్పీలోనే ఇష్టం. కానీ ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కైలో పాడే ఆవిడ గొంతు పైకి వెళ్ళే కొద్దీ ఎల్పీలో గరగర వచ్చేస్తోంది, ఎన్నిసార్లు పెట్టినా అక్కడే, గీతలేమైనా ఉన్నాయా అని లైట్ కింద పెట్టి చూస్తే ఏమీ కనబడట్లేదు. సీడీలో ఆ చోటు అద్దంలా ఉంది.

నా డౌట్ ఏంటంటే అసలు రాక్ ఆల్బమ్స్‌కి ఎల్పీ మేలా సీడీ మేలా, ఆ గరగర దేనివల్ల, కొత్త ఎల్పీలు ఒక్కోటి మూడు వేల పైమాటే కదా, అంత పెట్టి కొనడంలో అర్థం ఉందా? మన జిల్లాల్లో దీని గురించి మాట్లాడేవాళ్ళు నాకెవరూ దొరకలేదు, అందుకే ఇంత పొడుగు రాసా.

నాగావళి_బేస్ (శ్రీకాకుళం)

తమ్ముడూ బాగా విన్నావు. మామూలుగా అందరూ ఎల్పీ వార్మ్, సీడీ కోల్డ్ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు, నువ్వు పాట పేరు పెట్టి ఏ చోటో చెప్పావు కాబట్టి మాట్లాడుకోవచ్చు.

గరగర సంగతి ముందు. అది గీత కాదు. ఆ పాట సైడ్ 1లో ఆఖరిది, అంటే లేబుల్‌కి ఆనుకుని ఉంటుంది. ప్లేటు నిమిషానికి 33⅓ సార్లు తిరగడం ఎక్కడైనా ఒకటే, కానీ బయటి అంచున ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది, లోపలికొచ్చేసరికి అది 20 చిల్లరకి పడిపోతుంది. ఒక సెకను పాటని సగం కన్నా తక్కువ జాగాలో చెక్కాలి, హై నోట్లు అక్కడ ఇరుకైపోతాయి, మీ ప్లేయర్‌లో వచ్చే గుండ్రటి ముల్లు ఆ సన్నటి మలుపుల్లోకి పూర్తిగా దిగలేదు. ఆ ఇరుకులోనే క్లేర్ టోరీ గొంతు పై స్థాయికి వెళ్ళేది, ముల్లుకి ఆ సైడ్‌లో అంతకన్నా కష్టమైన చోటు లేదు. సీడీలో లేజర్ లోపల్నుంచి బయటికి చదువుతుంది, మొదట్నుంచి చివరిదాకా ట్రాక్ ఒకే వేగంతో కదిలేలా మోటారే స్పీడు మార్చుకుంటుంది, కాబట్టి ఆ సమస్యే లేదు.

ఇక పెద్ద విషయం. నువ్వు విన్నవి రెండూ వేరు వేరు మాస్టర్లు, అంటే డిస్కు చేసేముందు సౌండుని ఆఖరిసారి సరిచేసి పెట్టిన కాపీలు. మీ బాబాయి గారి ప్లేటు 1973 ఆల్బమ్‌ని అప్పటి పద్ధతిలో ఎల్పీ కోసం చెక్కింది. సీడీ 2011లో జేమ్స్ గత్రీ మళ్ళీ మాస్టరింగ్ చేసింది. బేస్ ఎంత, గడియారాల పదును ఎంత అనేది ఆ కూర్చున్న మనిషి నిర్ణయం, నువ్వు విన్న తేడాలో ఎక్కువ భాగం అదే అని నా గట్టి నమ్మకం.

ఫార్మాట్ వరకే చూస్తే సీడీదే పైచేయి, ఇది ఒప్పుకోవాలి. సీడీ వాడే 16 బిట్లకి లెక్క ప్రకారం మెల్లని సౌండుకీ గట్టి సౌండుకీ మధ్య 96 డీబీ (డెసిబెల్) జాగా వస్తుంది, ఎల్పీ ఎంత మంచి ప్రెస్సింగ్ అయినా 70 దాటడం కష్టం. బాధేంటంటే ఆ జాగా అంతా ఉండి కూడా 90ల నుంచి రాక్ సీడీలని నొక్కేసారు, మెల్లగా ఉండాల్సింది గట్టిగా, గట్టిగా ఉండాల్సింది ఇంకా గట్టిగా. రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ కాలిఫోర్నికేషన్ (1999) సీడీ పెట్టి చూడు, పావుగంటకి చెవులు అలిసిపోతాయి. మెటాలికా డెత్ మాగ్నెటిక్ (2008) అయితే మరీ, అవే పాటలు గిటార్ హీరో గేమ్‌లో తక్కువ నొక్కుడుతో వస్తే ఫ్యాన్స్ గేమ్ లోంచి తీసుకుని విన్నారు. రష్ వాళ్ళ వేపర్ ట్రెయిల్స్ (2002) ఎంత పాడైందంటే 2013లో మొత్తం మళ్ళీ మిక్స్ చేసి వదిలారు. ఇలాంటివి విన్నోడు సీడీ అంటేనే చెత్త అనుకుంటాడు, తప్పు డిస్కుది కాదు. నీ 2011 సీడీ ఈ బాపతు కాదులే.

ఇంకోటి, రెండిటి వాల్యూమ్ సమానం చేసావా? కొంచెం గట్టిగా ఉన్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. రెండూ కంప్యూటర్లో ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రాంలోకి రికార్డు చేసి, లెవెల్ కలిపి, ఏది ఏదో తెలియకుండా ఇంకొకరి చేత మార్పించి విను.

ఉద్దానం_ఎల్పీలు (పలాస)

నాగావళి గారూ లెక్కలు కరెక్టే కానీ ఎల్పీకి అన్యాయం చేసేసారు. ఏటంటే ఎల్పీకి ఉన్న ఇరుకే రాక్‌కి మేలు చేసింది అంటాను నేను. గాడి మరీ పెద్దగా ఊగితే ముల్లు ఎగిరిపోద్ది, బేస్ ఒక పక్కకే ఉంటే ట్రాకింగ్ (ముల్లు గాడి పట్టుకుని నడవడం) పోద్ది కాబట్టి మధ్యకి తేవాలి, సింబల్స్ మరీ గట్టిగా ఉంటే చెక్కే హెడ్డే వేడెక్కిపోద్ది. అందుకని కటింగ్ ఇంజనీర్ చచ్చినట్టు ఆగి ఆలోచించాలి. సీడీ వచ్చాక ఆపేవాడు లేకుండా పోయాడు. లెడ్ జెప్పెలిన్ 2 (1969) మొదటి అమెరికా కాపీ రాబర్ట్ లుడ్‌విగ్ గట్టిగా చెక్కాడు, చౌక ప్లేయర్‌ మీద ముల్లు ఎగిరిందని దాన్ని మార్చి మెత్తగా మళ్ళీ చెక్కారు. ఆ మొదటి కాపీ లేబుల్ పక్కన ఖాళీ జాగాలో ఆర్ఎల్ అని గీకి ఉంటాది, ఇప్పుడు దానికోసం ప్రపంచమంతా ఎగబడతారు. ఒకే ఎల్పీ, ఒకే టేపు, చెక్కిన చెయ్యి మారితే సౌండు మారింది.

అలాగని అన్నిటికీ ఎల్పీ అనను. డైర్ స్ట్రెయిట్స్ బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్ (1985) డిజిటల్‌లో రికార్డు చేసారు, ఎల్పీలో పట్టక కొన్ని పాటల నిడివి కత్తిరించారు, అది సీడీ కొనుక్కోవాల్సిందే.

బాబూ గిటారూ, మన సముద్రపు గాలి సంగతి కూడా విను. వానలు దాటేసరికి ప్లేట్ల మీద తెల్లగా బూజు పడతాది, గాడుల్లోకి దిగితే చిటపట తగ్గదు. పాత కాగితం సంచులు తీసేసి ప్లాస్టిక్ లైనింగ్ ఉన్న లోపలి కవర్లు వెయ్యి, బయట బిగుతు ప్లాస్టిక్ మాత్రం వద్దు, తడి లోపలే ఉండిపోద్ది. నిలబెట్టి పెట్టు, ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకు, డాబా ఇంట్లో పై గదిలో అస్సలు వద్దు, ఎండకి వంగిపోతాయి. తిత్లీ తుఫానప్పుడు (2018) మా ఇంట్లో అట్ట కవర్లన్నీ పొరలు పొరలుగా ఊడిపోయాయి, ప్లేట్లు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి ఆరబెడితే ఇప్పటికీ పాడతన్నాయి. కరెంట్ పోయి ఇన్వర్టర్ మీద ఆడుతుంటే గుయ్యిమని హమ్ వస్తే ప్లేయర్ పాడైందనుకోకు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో అలగే ఉంటాది.

గంటస్తంభం_గిటార్ (విజయనగరం)

ఇద్దరికీ థ్యాంక్స్. చెప్పినట్టే రెండూ రికార్డు చేసి లెవెల్ కలిపా, మా చెల్లి మార్చింది, నేను అటు తిరిగి కూర్చున్నా. బ్రీత్‌లో తేడా చాలా తగ్గిపోయింది, నిండుదనం అనుకున్నదాంట్లో కొంత వాల్యూమే. టైమ్ గడియారాలు మాత్రం వెంటనే సీడీ అని పట్టేసా. అస్ అండ్ దెమ్ దగ్గర ఏది ఏదో తెలియకుండానే ఎల్పీనే కావాలన్నా, శాక్సోఫోన్ వచ్చే చోట కొంచెం మెత్తగా కూర్చుంది.

ఒక తిరకాసు. డీఆర్ మీటర్ అని పాటలో మెల్లని, గట్టి చోట్ల మధ్య తేడా (డైనమిక్స్) కొలిచే ప్రోగ్రాంలో పెడితే ఎల్పీకి సీడీ కన్నా పెద్ద నంబర్ వచ్చింది. మరి ఎల్పీలోనే డైనమిక్స్ ఎక్కువనా? ఇంకోటి, అదే పెట్టెలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ 78 ప్లేట్లు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు) కూడా ఉన్నాయి, మా ఊరి మ్యూజిక్ కాలేజీ గొప్పాయన, వినాలని చాలా ఉంది, ఇదే ప్లేయర్‌ మీద పెట్టొచ్చా?

నాగావళి_బేస్ (శ్రీకాకుళం)

ఆ నంబర్ ఎల్పీల దగ్గర ఒగ్గేయ్. అదే మాస్టర్ని ఎల్పీ చేసి మళ్ళీ రికార్డు చేసినా నంబర్ పెరుగుతుంది, ఎందుకంటే చెక్కేటప్పుడు, ముల్లు చదివేటప్పుడు ఫేజ్ (సౌండు అలల వరస) కొద్దిగా కదిలి నరికేసిన శిఖరాలు మళ్ళీ పైకి లేచినట్టు కనిపిస్తాయి. పోయింది తిరిగొచ్చినట్టు కాదు. డెత్ మాగ్నెటిక్ మిక్స్ మాస్టరింగ్ టెడ్ జెన్సన్ చేతికి వచ్చేసరికే నొక్కేసి ఉందని ఆయనే చెప్పాడు, ఇక దాన్ని ఎల్పీ మీద చెక్కితే ఏమొస్తుంది?

కొనేముందు ఎల్పీయా సీడీయా అని కాదు, ఎవరు ఏ సంవత్సరం మాస్టరింగ్ చేసారో చూడు. డార్క్ సైడ్‌కి 2016 ఎల్పీ ఉంది, గత్రీ, జోయెల్ ప్లాంట్, బర్నీ గ్రండ్‌మన్ కలిసి చేసింది, కొంటే అది కొను. పూర్తి అనలాగ్ (మధ్యలో డిజిటల్ లేకుండా టేపు నుంచే చెక్కింది) అని రాసినంత మాత్రాన డబ్బు పెట్టకు, మొబైల్ ఫిడిలిటీ అనే రికార్డు కంపెనీ వాళ్ళ చాలా రికార్డుల్లో మధ్యలో డిజిటల్ కాపీ ఉందని 2022లో బయటపడింది, అప్పటిదాకా వాటినే నెత్తిన పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, బాగుందని విన్నది బాగానే ఉంది మరి. 90ల కన్నా ముందొచ్చిన పాత సీడీలు సెకండ్ హ్యాండ్‌లో కనబడితే వదలకు, నొక్కుడు మొదలవకముందువి, చౌక కూడా. నీ ప్లేయర్‌లో టోనార్మ్ (ముల్లు ఉండే చెయ్యి) బరువు, అలైన్‌మెంట్ మార్చడానికి ఉండదు, ముల్లు మాత్రం మార్చుకోవచ్చు, ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారం మొన) ముల్లు దొరికితే వేసి గ్రేట్ గిగ్ మళ్ళీ విను, పూర్తిగా పోదు కానీ తగ్గుతుంది.

ద్వారం గారి ప్లేట్లు దాని మీద పెట్టకు. ఎల్పీ60లో 78 స్పీడే లేదు, పైగా 78 గాడి మూడింతలు వెడల్పు, ఎల్పీ ముల్లు అడుగున పడి గీసుకుంటూ పోతుంది. అవి లక్కతో చేసినవి, ఎల్పీలకి వాడే ఆల్కహాల్ కలిపిన ద్రవం తగిలితే కరిగిపోతాయి, పొడి మెత్తటి బ్రష్ చాలు. 78 స్పీడు, దానికి వేరే ముల్లు ఉన్న ప్లేయర్ నా దగ్గర ఉంది, శ్రీకాకుళం వస్తే పట్టుకురా, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరకొచ్చి మెసేజ్ పెట్టు, ఫైల్ చేసి ఇస్తా.