మెకానికల్ నుంచి ఎలక్ట్రికల్‌కు మారడానికి మూడో సెమిస్టరు ఆలస్యమా?

ప్రశ్న

నమస్కారం. నేను మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సెమిస్టరు చదువుతున్నాను. మొదటి ఏడాది అన్ని బ్రాంచీలకూ ఉమ్మడిగా ఉండే గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్‌లలో మంచి మార్కులే వచ్చాయి గానీ, ఇప్పుడు థర్మోడైనమిక్స్, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ తరగతుల్లో కూర్చుంటే మనసు నిలవడం లేదు. సర్క్యూట్స్ ల్యాబులో మాత్రం గంటలు తెలియకుండా గడిచిపోతున్నాయి. పోయిన వారం 10 కిలో ఓముల రెసిస్టరుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు కలిపి, టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటరు ఎంత వేగంగా ఛార్జ్ అవుతుందో చెప్పే కాలం) 1 మిల్లీసెకను అని ముందే లెక్క కట్టుకున్నాను. ఆసిలోస్కోపు తెర మీద గీత ఆ చోటికి వచ్చేసరికి వోల్టేజీ దాదాపు 63 శాతానికి చేరడం చూసి, ల్యాబు మూసే వేళ దాకా అక్కడే ఉండిపోయాను. ఎలక్ట్రికల్‌కు మారాలని ఉంది. ఏడాది వెనకబడతానేమోనన్న భయం ఒకటి, ఈ ఇష్టం నిలబడేదేనా అన్న అనుమానం మరొకటి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (కోర్సుల ఎంపికలో విద్యార్థులకు సలహాలిచ్చే అధ్యాపకుడు)

ఎన్ని క్రెడిట్లు పోతాయన్నదాని కంటే ముందు, ఏ కోర్సు చేరాలంటే ఏది పాసై ఉండాలో చూసుకోండి. సర్క్యూట్స్ పూర్తయితేనే సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌కు, అది పూర్తయితేనే కంట్రోల్, కమ్యూనికేషన్ కోర్సులకు అనుమతి ఇవ్వడం మామూలు. వీటిలో కొన్నింటిని ఏడాదికి ఒక్కసారే చెబుతారు కాబట్టి, ఆ గొలుసులో ఒక్క లింకు తెగినా మొత్తం ఏడాది పోతుంది. అందుచేత రెండు బ్రాంచీల సిలబస్‌లనూ పక్కపక్కన పెట్టుకుని, కోర్సు నుంచి కోర్సుకు బాణాలు గీసి, అన్నిటికంటే పొడవైన గొలుసుకు ఎన్ని సెమిస్టర్లు కావాలో లెక్కపెట్టండి. మీకు మిగిలినవి అంతకంటే తక్కువైతే, ఎంత కష్టపడినా డిగ్రీ సమయానికి పూర్తికాదు. ఇప్పటిదాకా చేసిన కోర్సులు కొత్త బ్రాంచిలో ఎలక్టివ్‌లుగా (ఐచ్ఛిక కోర్సులుగా) చెల్లుతాయో లేదో విభాగం నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి. నోటిమాటను నమ్మి చివరి సెమిస్టరులో చిక్కుకున్నవారిని చూశాను.

జవాబు 2 (సివిల్ నుంచి ఎలక్ట్రికల్‌కు మారిన విద్యార్థి)

నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. ఎలాగూ మారిపోతున్నాను కదా అని అప్పటి కోర్సులను నిర్లక్ష్యం చేశాను. దరఖాస్తును పరిశీలించినవారు ముందుగా చూసింది ఆ మార్కులనే, అందువల్ల నేను ఒక సెమిస్టరు ఆగవలసి వచ్చింది. మీకు నచ్చని ఆ థర్మోడైనమిక్సే ఇప్పుడు మీకు అన్నిటికంటే ముఖ్యం.

ఇష్టం సంగతికి వస్తే, ల్యాబు నచ్చినంత మాత్రాన బ్రాంచి నచ్చినట్టు కాదు. ఎలక్ట్రికల్‌లో ఎక్కువ కాలం సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఫూరియే రూపాంతరాలతో, విద్యుదయస్కాంత క్షేత్రాల్లోని కర్ల్, డైవర్జెన్స్ అనే గణిత లెక్కలతో గడుస్తుంది. సీనియర్ల దగ్గర సిగ్నల్స్ నోట్సు అడిగి తీసుకుని, అందులోని లెక్కలు స్వయంగా చేసి చూడండి. ఒకే వెడల్పున్న రెండు దీర్ఘచతురస్రాకారపు పల్స్‌ల కన్వల్యూషన్ (ఒకదాన్ని తిప్పి రెండోదాని మీదుగా జరుపుతూ, ప్రతి చోటా గుణించి కూడే లెక్క) త్రిభుజంగా ఎందుకు వస్తుందో తేల్చుకోవడానికి నేను ఒక రాత్రంతా కూర్చున్నాను. ఆ రాత్రి విసుగు రాలేదు కాబట్టే నా నిర్ణయం మీద నాకు నమ్మకం కుదిరింది.

జవాబు 3 (మెకానికల్‌లోనే కొనసాగిన ఇంజనీరు)

ఇంకొక దారి కూడా ఉంది. స్ప్రింగుకు, డ్యాంపరుకు (ఊపును తగ్గించే భాగానికి) కట్టిన బరువు ఊగిసలాటకు రాసే సమీకరణమూ, ఇండక్టరు, రెసిస్టరు, కెపాసిటరు వరసగా కలిపిన సర్క్యూటుకు రాసేదీ ఒకటే: ద్రవ్యరాశి ఉన్న చోట ఇండక్టెన్స్, డ్యాంపింగ్ ఉన్న చోట రెసిస్టెన్స్, స్ప్రింగు బిగువు ఉన్న చోట కెపాసిటెన్స్ విలోమం వస్తాయి. ఆ పోలికను పట్టుకునే నేను ఎలక్ట్రికల్‌లో మైనర్ (సొంత బ్రాంచితో పాటు మరో బ్రాంచిలో చేసే కొన్ని కోర్సులు) చేసి, మోటార్ల కంట్రోల్ వైపు వెళ్లాను. కదిలే యంత్రాన్ని సర్క్యూటుతో నడిపించడం మీకు ఇష్టమైతే ఇది చాలు. చిప్ డిజైన్ మీదో కమ్యూనికేషన్ మీదో మనసుంటే మాత్రం మైనర్ సరిపోదు. అలాంటప్పుడు ఆలస్యం చేయకుండా మారిపోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. బాణాలు గీసి చూశాను: పొడవైన గొలుసుకు 4 సెమిస్టర్లు కావాలి, నాకు 5 మిగిలాయి. సిగ్నల్స్ కోర్సును రాబోయే సెమిస్టరులోనే మొదలుపెట్టాలి. అది తప్పితే మళ్లీ ఏడాది తర్వాతే చెబుతారు. నోట్సు తెచ్చుకున్నాను. దరఖాస్తు గడువుకు ఇంకా 3 వారాలుంది కాబట్టి, ఈలోగా కన్వల్యూషన్ లెక్కలన్నీ చేసి, థర్మోడైనమిక్స్ మిడ్ పరీక్ష శ్రద్ధగా రాసి, ఆ తర్వాత సంతకం చేస్తాను.