కచ్‌లో బడి మళ్లీ కడుతున్నారు: పాత రాయే వాడొచ్చా, ఒక్క బెల్టు చాలా?

ప్రశ్న: ఊరు కచ్‌లో, అంటే భూకంప ముప్పు బాగా ఎక్కువున్న జోన్ 5. 2001 జనవరి 26 భూకంపానికి బీటలు వారి, అతుకులతో నెట్టుకొస్తున్న బడిని పడగొట్టి కడుతున్నారు. పక్కపక్కనే రెండు గదులు, ఒక్కోటి లోపల 6×5 మీటర్లు, మీద స్లాబు, ముందు వరండా. పాత రాయితోనే కట్టి, స్లాబు కింద ఒక బెల్టు (గోడలన్నిటి మీదుగా చుట్టూ తిరిగే ఇనుము-కాంక్రీటు పట్టీ) వేస్తే చాలని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా అండీ?

జవాబు: రాయి వాడొచ్చు, పేర్చే తీరు మారాలి. 1993 సెప్టెంబరు 30 భూకంపానికి మహారాష్ట్రలోని కిల్లారిలో కూలిన గోడల్లో బయటి వరస వేరు, లోపలి వరస వేరు, మధ్యలో మట్టీ చిల్లర రాళ్లూ. నేల ఊగేసరికి రెండు వరసలూ పొట్ట ఉబ్బి విడిపోయాయి, మీదున్న మట్టిమిద్దె నెత్తిన పడింది. అందుకే గోడ మందమంతా పట్టే పొడవు రాయి ప్రతి 60 సెం.మీ. ఎత్తుకీ, అడ్డంగా 1.2 మీటర్లకొకటీ పడాలి. అంత రాయి దొరక్కపోతే మధ్యలో 8 మి.మీ. కడ్డీ పెట్టి కాంక్రీటు దిమ్మెలు ముందే పోసుకోండి. మందం 45 సెం.మీ. దాటొద్దు. మట్టి మాలు వద్దు, సిమెంటు మాలే (ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్లు ఇసుక). గుండ్రాళ్లను పగలగొట్టి, పాత మట్టి కడిగాకే వాడాలి.

మరో జవాబు: మేస్త్రీ చెప్పిన బెల్టే అసలు అక్కర్లేనిది! స్లాబు గోడ మందంలో కనీసం ముప్పాతిక వంతు మీద కూర్చుంటే అదే బెల్టు పని చేస్తుంది. తప్పనిసరిగా కావాల్సినవి ప్లింత్ (పునాది పైన, గది నేల మట్టం) దగ్గరొకటి, లింటెల్ (తలుపు-కిటికీల పైమట్టం) దగ్గరొకటి. లింటెల్ బెల్టు తలుపుల మీదుగా, మధ్యగోడ మీదుగా ఎక్కడా తెగకుండా పోవాలి.

గోడలన్నీ కలిపి దాదాపు 41 మీటర్లు. 75 మి.మీ. మందం బెల్టులో రెండు 12 మి.మీ. కడ్డీలు, వాటిని అడ్డంగా కలుపుతూ ప్రతి 150 మి.మీ.కి 6 మి.మీ. లింకు. కడ్డీల అతుకులతో కలిపి రెండు బెల్టులకూ 12 మి.మీ. ఇనుము సుమారు 160 కిలోలు. గోడ 40 సెం.మీ. అయితే కాంక్రీటు ఒక్కోదానికి 1.25 ఘనపు మీటర్లు. చెడేది మూలల్లోనే: కడ్డీని మూల దాకా తెచ్చి కోసేస్తారు. అది వంగి పక్క గోడలోకి కనీసం 60 సెం.మీ. పోవాలి.

ప్రశ్న అడిగినవారు: మూలల్లో నిలువు కడ్డీ అంటున్నారు కదా, రాతిగోడలో ఎలా పెడతాం?

జవాబు: నాలుగు మూలలు, మధ్యగోడ కలిసే రెండు చోట్లు, తలుపు-కిటికీల పక్కలు: అన్నిచోట్లా 12 మి.మీ. కడ్డీ పునాది కాంక్రీటు నుంచి స్లాబులోకి. కడ్డీకి పైపు ముక్క తొడిగి, దాని చుట్టూ 60 సెం.మీ. ఎత్తు గోడ కట్టాలి. కడుతున్నంతసేపూ పైపును తిప్పుతూ ఉండాలి, లేకపోతే మాలుకి పట్టేస్తుంది. తర్వాత పైకి లాగి, ఆ బొక్కలో కాంక్రీటు పోసి కడ్డీతో కుక్కాలి. ఉప్పునీళ్లు కలపనివ్వకండి, ఇనుము తినేస్తుంది.

ఇంకోటి. 6 మీటర్ల గోడ ఆధారం లేకుండా ఎక్కువ, 5 మీటర్లే హద్దు. మధ్యలో బయటివైపు ఆనుగోడ కట్టండి. ఆ 6 మీటర్ల గోడకి 1 మీటరు తలుపు, 1 మీటరు కిటికీ చాలు, మూలకి కనీసం 60 సెం.మీ. ఎడంగా. వెలుతురు కోసం ఎదుటి గోడకీ కిటికీలు పెట్టుకోవచ్చు.

మరో జవాబు: వరండా పిల్లర్ల మధ్య నడుమెత్తు గోడ కడతారా? అయితే పిల్లరు పైభాగం మాత్రమే కదులుతుంది, పొట్టి పిల్లరై అక్కడే పగులుతుంది. గోడకీ పిల్లరుకీ సందు వదలండి, లేదా పిల్లరు నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు పైనుంచి కిందిదాకా దగ్గరగా వేయండి. సందు వదిలినా, 300 మి.మీ. పిల్లరుకి పైనా కిందా 45 సెం.మీ. వరకూ 75 మి.మీ.కొక రింగు ఉండాలి. రింగు కొస 135 డిగ్రీలు లోపలికి వంచి, 65 మి.మీ. తోక వదలాలి. 90 డిగ్రీల కొక్కెం కవరు (ఇనుము మీది కాంక్రీటు పొర) రాలగానే విచ్చుకుంటుంది.

లింటెల్ బెల్టుకి కాంక్రీటు పోసేముందు నాలుగు మూలల ఫోటోలు పైనుంచి తీసి పెట్టండి, చూస్తాం.