హెచ్.ఎం.ఎస్. వారియర్ నమూనా: ఏ ఏడాది రూపం చెయ్యాలి, కవచం ఎక్కడి వరకు?

విజయనగరం నుంచి ప్రశ్న:
మాస్టార్లూ, బడి ప్రదర్శనకి 1:200 కొలతలో వారియర్ ఓడ (1861 నాటి బ్రిటిష్ ఇనుప యుద్ధనౌక) చేయిస్తున్నాం. పొట్టంతా ఇనుప కవచమేనా? యుద్ధమే చెయ్యని ఓడని పదేళ్లకే ఎందుకు వెనక్కి నెట్టారని పిల్లలు అడుగుతున్నారు. వాళ్లకి ఏం చెప్పాలి?

జవాబు 1:
ఓడ ఒళ్లంతా ఇనుమే గానీ కవచం మాత్రం నడిమికే. సుమారు 420 అడుగుల ఓడలో 213 అడుగులు, నీటిమట్టానికి పైన 16, కింద 6 అడుగులు. మీ కొలతలో ఓడ 64 సెంటీమీటర్లు, కవచం ముప్పై రెండున్నర. ముందు, వెనక కొసలకీ చుక్కానికీ రక్షణ లేదు. అసలు బలహీనత అదే: ఓడని ముంచక్కర్లేదు, చుక్కాని దెబ్బతింటే చాలు.

కవచం మందం నాలుగున్నర అంగుళాలు, దాని వెనక 18 అంగుళాల టేకు. 1:200లో ఇనుము అర మిల్లీమీటరు పైచిలుకు, ఎవరికీ కనబడదు. అందుకని గోడ ముక్కని 1:10లో విడిగా చూపించండి: 11 మి.మీ. ఇనుము, 23 మి.మీ. చొప్పున టేకు రెండు వరసలు (ఒకటి నిలువు, ఒకటి అడ్డం), లోపల 1.6 మి.మీ. రేకు. పలకల అంచులు గాడీ, నాలుకలా ఒకదాన్లో ఒకటి బిగిసేవి. గట్టిగానే ఉండేవి గానీ దెబ్బతిన్న ఒక్క పలకని ఊడదీయాలంటే నరకం. తర్వాతి ఓడల్లో ఆ పద్ధతి మానేశారు.

జవాబు 2:
1861 రూపమే చెయ్యండి. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఇప్పుడున్నదీ తొలినాళ్ల రూపమే. 1872–75 మరమ్మతుల్లో వెనక పూప్ డెక్ (ఎత్తయిన అదనపు డెక్) కట్టారు. అది పెడితే పాత తుపాకులతో (అంటే ఫిరంగులతో) పొసగదు. మొదట 68 పౌన్ల గుండు పేల్చేవి 26, ఆర్మ్‌స్ట్రాంగ్ 110 పౌన్లవి 10, 40 పౌన్లవి 4. ఆ ఆర్మ్‌స్ట్రాంగ్‌లు వెనక నుంచి మందు కూరేవి. వెనకనున్న మూత ముక్క పేలినప్పుడు ఎగిరిపోయేది. 1863లో జపాన్‌లోని కగోషిమా దగ్గర వేరే ఓడల మీద ఈ రకం బాగా ఇబ్బంది పెట్టింది. 1864–67లో వారియర్ తుపాకులన్నీ మార్చేశారు.

వెనక్కి ఎందుకు నెట్టారంటే, ఓడ పాడై కాదు. 1871లో తెరచాపల్లేని, టరెట్‌లున్న (తిరిగే తుపాకీ గూళ్లున్న) డెవస్టేషన్ అనే ఓడ నీళ్లలోకి దిగాక పక్కల వరసగా తుపాకులున్న ఓడలన్నీ పాతబడిపోయాయి. 1929 నుంచి దశాబ్దాల పాటు వేల్స్‌లోని పెంబ్రోక్ డాక్‌లో వారియర్ చమురు పంటుగా పడుంది. 1979లో హార్ట్‌లీపూల్‌కి లాక్కెళ్లి బాగుచేశారు.

జవాబు 3 (బొబ్బిలి):
చెక్కకి పనస చూడండి. వీణల వాళ్ల దగ్గర మిగులు ముక్కలుంటాయి. 64 సెంటీమీటర్ల ముక్క దొరక్కపోతే మధ్యలో అతకండి, అతుకు కవచం రేకు కిందకి పోతుంది. పచ్చిది మాత్రం వద్దు, ఎండాక ముందువైపు చీలుతుంది. చెక్కిన వెంటనే సీలర్ పట్టించి, పైన నలుపు పెయింటు.

పొగగొట్టాలు రెండూ కిందకి దిగేవి, ప్రొపెల్లర్ పైకి లేచేది: తెరచాపల మీద నడిచేటప్పుడు గొట్టాలు గాలికీ, ప్రొపెల్లర్ నీళ్లకీ అడ్డుపడకూడదని. తెరచాపలు విప్పి చూపించేట్టయితే గొట్టాలు పొట్టిగా పెట్టండి. రెండూ నిటారుగా నిలబెట్టి తెరచాపలన్నీ కట్టకండి, తెలిసినవాళ్లు పట్టేస్తారు.