ఫీల్డ్ పోస్టాఫీసు ముద్రలో కనిపించని అంకె చదవడం ఎలా?

మిలటరీ మాధవరంలోని అమ్మమ్మగారింట్లో, తాతయ్య 1943లో యుద్ధం నుంచి రాసిన కార్డు దొరికింది. సెన్సార్ నియమాల వల్ల తానెక్కడున్నదీ ఆయన రాయలేదు. ఆధారం ఒక్కటే, గుండ్రటి నల్ల ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యం కోసం నడిచే తపాలా ఆఫీసు) ముద్ర. సెప్టెంబరు 12 అన్న తేదీ స్పష్టంగానే ఉంది. ముద్రలోని ఆఫీసు నంబరులో మొదటి అంకె 1, చివరిది 7. మధ్య అంకె మీద ఊదారంగు సెన్సార్ ముద్ర పడింది. ఈ ఆఫీసులు దళాలతో పాటు కదిలేవి కాబట్టి, ఒక్క అంకె తప్పుగా చదివితే దేశమే మారిపోవచ్చు!

1200 డీపీఐలో స్కాన్ చేశాను, పక్కనుంచి టార్చి వేసి ఫొటోలు తీశాను, ఫోన్లో కాంట్రాస్ట్ పెంచాను. ఒకసారి 3లా, ఒకసారి 8లా కనిపిస్తోంది. పెన్సిల్ రాత పాడవుతుందేమోనని తడి మాత్రం తగలనివ్వలేదు.

కార్డును ముట్టుకోకుండా, ఫొటోలోనే ఊదా సిరాను తప్పించి కింది నల్ల అంకెను చదివే పద్ధతి ఏమైనా ఉందా?